ఆరో రోజు మాట

ఎల్కానా లీఫ్‌మన్ కాగితం చూసి చదవడు. చూసి చదివేవాళ్లంటే ఆయనకు చులకన. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, బల్ల అంచుకి నడుము ఆనించి, ఎదురుగా ఉన్న పద్నాలుగుమంది పరిశోధకుల్నీ పలకాబలపంతో వచ్చిన పిల్లల్లా చూస్తూ మాట్లాడతాడు. ఆదివారం సెమినార్లో ఆయన హీబ్రూ బైబిల్లోని యోబు గ్రంథం, పిల్లల్ని పోగొట్టుకుని దేవుణ్ణి నిలదీసినవాడి కథ, ఎత్తుకున్నాడు. పదో నిమిషంలో ఆయన శిష్యురాలు ఓస్నత్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"స్నేహితులతో వాదం మూడో విడతకి వచ్చేసరికి ఏమైంది? బిల్దదు ఆరు వచనాలు చెప్పి ఊరుకున్నాడు. జోఫరు అసలు నోరే విప్పలేదు. ఆ స్నేహితులు అనాల్సిన మాటలన్నీ యోబు అంటున్నాడు. దుర్మార్గుడు నాశనమైపోతాడట, దేవుడు న్యాయం తప్పడట. నిన్నటిదాకా దేవుణ్ణి బోనెక్కించినవాడు! రెండొందల ఏళ్లుగా మనం ఏమంటున్నాం? ఎవడో లేఖకుడు తోలు పుటలు తారుమారుగా కుట్టాడంటున్నాం. నేనూ అన్నాను. అని ఊరుకోకుండా పుస్తకం కూడా రాశాను."

నవ్వులు వినిపించాయి. ఆయన వాటిని కాసేపు సాగనిచ్చాడు.

"తప్పు. పుటలు సరిగ్గానే ఉన్నాయి. చావు జరిగిన ఇంట్లో ఏడు రోజులు కూర్చున్నవాళ్లని చూశారా? మొదటి రోజు పరామర్శకొచ్చినవాళ్లు గంటలకొద్దీ ఓదారుస్తారు. ఆరో రోజుకి వాళ్ల దగ్గర మాటలు అయిపోతాయి. అప్పుడు పీట మీద దుఃఖంలో కూర్చున్నవాడే వాళ్ల మాటలు అందుకుంటాడు. అవునవును, దేవుడు న్యాయవంతుడు, నాకు తెలుసు అంటాడు. ఎందుకు? వాళ్లు కోట్లు తగిలించుకుని వెళ్లిపోతారని. యోబు ఒప్పుకోవడం లేదు. వాళ్లని సాగనంపుతున్నాడు."

ముందువరసలో ఎవరో "అబ్బా" అన్నారు. ఒకళ్ల వ్యాసాన్ని ఒకళ్లు ముక్కలు చెయ్యడమే తప్ప మెచ్చుకోలు ఎరగని గది అది. ఆ ఒక్క మాటే అక్కడ పెద్ద పండగ.

ఓస్నత్‌కి చెవులు మండిపోయాయి. అవి ఆమె మాటలు. రెండేళ్ల క్రితం, వాళ్లమ్మ పోయి నెల తిరిగాక, ఇదే అంతస్తులో ఆయన గదిలో, ఆయన కూర్చోమనలేదు కాబట్టి నిలబడే చెప్పింది. చివర్న కోట్లు తగిలించుకునే ముక్కతో సహా. అప్పుడాయన కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా, "ఇది పాండిత్యం కాదు ఓస్నత్, పరామర్శ" అన్నాడు. ఆ పరామర్శే ఇవాళ పాండిత్యమై బల్లెక్కి కూర్చుంది.

ప్రశ్నలు అడగొచ్చు అనగానే ఆమె లేచింది. "ఈ ఆలోచన మీకు ఎక్కడ తట్టింది ఎల్కానా?"

"ఆలోచన ఎక్కడ తడుతుందో ఎవరికి గుర్తుంటుంది? స్నానాల గదిలో అనుకో."

"మీ స్నానాల గదిలో కాదు, మీ ఆఫీసు గదిలో. నేను చెప్పాను. మీరు విన్నారు."

పక్కన కూర్చున్నామె తన కాఫీ గ్లాసు రెండడుగుల అవతలికి జరుపుకుంది.

లీఫ్‌మన్ కళ్లద్దాలు నుదుటి మీంచి దించి పెట్టుకున్నాడు. "నువ్వు చెప్పావా? నా వ్యాసం పత్రికకి పంపింది పోయిన శీతాకాలంలో. నీ పరిశోధన ప్రతిపాదన నా బల్ల మీదికొచ్చింది పోయిన నెల. నాలుగో అధ్యాయం చదివి నేనే ఆశ్చర్యపోయాను. నా శిష్యురాలు కదా, పోన్లే అని ఊరుకున్నాను."

"మర్చిపోయానని చెప్పండి, కనీసం వినడానికి బాగుంటుంది."

"మర్చిపోయి ఉండొచ్చు కూడా."

"మనిషి మర్చిపోడు. దాస్తాడు." ఆమె పెన్ను బల్ల మీద పడేసింది. "మా అమ్మ పోయిన వారం, పీట మీద కూర్చుని నాకై నేను ఆలోచించింది ఇది. ఆ ఏడు రోజులూ తోరా గ్రంథం ముట్టకూడదు, యోబు మాత్రం చదువుకోవచ్చు కదా, అదే చదువుతూ ఆలోచించాను. ఎవరూ నేర్పలేదు. తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను."

"అయితే పట్రా. బుధవారం పదకొండింటికి కమిటీ నీ ప్రతిపాదన చూస్తుంది. నోట్‌బుక్ తెస్తే అందరి ముందూ క్షమాపణ చెప్తాను. తేకపోతే నా వ్యాసంలోది ఎత్తి నువ్వు రాసుకున్నావని నేను కాగితం మీద పెట్టాల్సొస్తుంది. ఆ తర్వాత ఈ మెట్లు ఎక్కే పని నీకుండదు."

నలభై మూడేళ్ల మనిషి. పొద్దున బడిలో పిల్లలకి పాఠాలు చెప్పి, మధ్యాహ్నం రెండు బస్సులు మారి వచ్చి, ఆరేళ్లుగా ఎక్కిన మెట్లు అవి.

నోట్‌బుక్ నీలం గుడ్డట్టది. అది కనబడక మూడు వారాలైందన్న సంగతి ఆమెకి ఆ సాయంత్రం వెతికితేగానీ తెలీలేదు. సంచీలో ఎప్పుడూ అడుగున పడుండేది. ఉందన్న ధైర్యమే గానీ తెరిచింది లేదు. మొదటి పుటలు అమ్మ పోయిన వారంలోవి. వాటి మీదికి చెయ్యి పోయేది కాదు. కావలసిన ముక్కలు ఏనాడో కంప్యూటర్లోకి ఎక్కించుకుంది, అవేమో ఎప్పటివో ఏ తేదీ చెప్పవు.

పుస్తకాల బీరువా ఖాళీ చేసింది. పిండి డబ్బా వెనక చూసింది. మంచం కింద పడుకుని ఫోను లైటు వేసి చూసింది. ఆమె మొగుడు షిమీ సిటీ బస్సుల డిపోలో మెకానిక్కు, గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు.

"పొయ్యి మీద గిన్నె మాడుతోంది."

"మాడనీ."

"పాపం యోబుని వేపుకుతినడానికి ముగ్గురు స్నేహితులు కావాల్సొచ్చింది. నాకు నువ్వొక్కదానివే చాలు," అని పోయి పొయ్యి ఆర్పేశాడు.

సోమవారం బడి అవగానే ఆమె తిన్నగా విభాగం ఆఫీసుకి పోయింది. కార్యదర్శి సిప్పోరా నియమనిష్ఠలు గల మనిషి. జుట్టు కనబడకుండా విగ్గు, మణికట్టు దాకా చేతులు, బల్ల మీద కంప్యూటర్ పక్కనే కీర్తనల పుస్తకం.

"చివరిసారి పరిశోధకుల గదిలో సంచీ ఖాళీ చేసినప్పుడు బల్ల మీద పెట్టాను," అంది ఓస్నత్. "ఆ గది తలుపు ఎవరి తలుపుకి ఎదురుగా ఉందో నీకూ తెలుసు. ఆయనే తీశాడు సిప్పోరా. చదివి ఉంటాడు, తేదీ చూసి ఉంటాడు, మాయం చేసి ఉంటాడు."

"నా బల్ల ముందు ఒకళ్ల మీద చాడీలు చెప్పకు. వినడం నాకూ పాపం."

"దొంగతనం చేస్తే పాపం లేదు, వింటే పాపమా?"

వెనక తలుపు తెరుచుకుంది. లీఫ్‌మన్ చేతిలో పత్రికవాళ్ల ప్రూఫులున్నాయి, ఎర్రసిరా పెన్నుంది. "నా పేరు వినబడింది."

"దొంగ అన్నాను. మీ పేరు చెప్పలేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు మీరే వచ్చారు."

ఆయన ముఖం కందిపోయింది. "నీ చేతిలో ఏమీ లేదు కాబట్టే నోరింత లేస్తోంది. బుధవారం, ఓస్నత్." తలుపు ధడాలున పడింది. సిప్పోరా కీర్తనల పుస్తకం ఉలిక్కిపడ్డట్టు జరిగింది. ఆమె దాన్ని తీసి ముద్దుపెట్టుకుని యథాస్థానంలో పెట్టి, చాలాసేపటికి, ఇష్టం లేకుండానే అంది:

"అట్ట చిరిగిందా నీ నోట్‌బుక్‌కి?"

"వెన్ను ఊడింది. ఎందుకు?"

"మూడు వారాల కింద పరిశోధకుల గదిలో బల్ల కింద, నేల మీద, అందరి బూట్ల మధ్య ఏవో పుస్తకాలు పడున్నాయి. సాదియా వచ్చి ఏరుకుపోయాడు. పోయి ఆయన్నడుగు. ఇంకొకళ్లని దొంగ అనే ముందు కాస్త కిందికి చూసుకోవాలి మనిషన్నవాడు."

లైబ్రరీ నేలమాళిగలో సాదియా జరూఫీది బైండింగ్ గది. డెబ్భై దాటిన యెమెన్ ముసలాయన. ఉద్యోగం ఏనాడో ముగిసినా, ఆయన కుట్టినట్టు ఇంకెవరూ కుట్టలేరని వారానికి మూడు రోజులు రమ్మంటారు. ఒకప్పుడు ఓస్నత్ రోజూ అక్కడికి దిగేది. ఆయన అల్లం వేసి కాచే కాఫీ తాగుతూ ఆయన చేతుల్ని చూస్తూ కూర్చునేది. అమ్మ పోయాక, పని పెరిగాక, ఎందుకో మానేసింది. ఎందుకో ఏమిటి, పని పెద్దదయ్యాక కింది గదులు చిన్నవవుతాయి.

ఆయన ఒక లావుపాటి సిద్ధాంత గ్రంథాన్ని చెక్కల మధ్య బిగించి, వెన్నుకి జిగురు పూస్తున్నాడు. తలెత్తలేదు.

"బాబాయ్, నా నోట్‌బుక్ మీ దగ్గరుందట. నీలం అట్ట."

"ఉండేది."

"ఉండేదంటే?"

"గెనీజా పెట్టెలో వేశాను." కుంచె పైనుంచి కిందికి ఒకటే వాటంగా దిగింది. "విప్పి చూశాను. దేవుడి పేరు నాలుగక్షరాలూ పూర్తిగా రాసి ఉంది. ఒకచోట కాదు, ఎనిమిది చోట్ల. చిరిగిన అట్ట, నేల మీద బూట్ల మధ్య. ఏం చెయ్యమంటావ్? చెత్తబుట్టలో వెయ్యనా, కాల్చనా? ఏం చెయ్యాలో నీకు తెలీదా, పెద్ద చదువు చదువుతున్నావుగా?"

"లోపల నా పేరుంది కదా! ఒక్కమాట చెప్పొచ్చు కదా నాతో!"

ఆయన అప్పుడు తలెత్తి చూశాడు. ఆ చూపులో ఆమెకి అర్థంకాని కాఠిన్యమేదో ఉంది. ఈ మనిషి తనతో ఎప్పుడూ ఇలా మాట్లాడలేదు. "పేరు ఉంటే చెప్పాలంటావ్," అన్నాడు. "సరే. పెట్టె ఇవాళ పొద్దున పోయింది. ఊరి పడమటి కొసన పూడ్చే సంఘంవాళ్ల షెడ్డుంది. రేపు సాయంత్రం గొయ్యి తవ్వుతారు. పో."

ఆమె థాంక్స్ కూడా చెప్పకుండా మెట్లెక్కింది. దేవుడి పేరుండి పాడైన కాగితాన్ని గెనీజాలో దాచి, మనిషిని పూడ్చినట్టే పూడ్చడం ఆమెకి పుట్టినప్పట్నుంచీ తెలిసిన ఆచారమే. ఆ ఆచారం తన గొంతు మీదికి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మంగళవారం ఆమె బడికి సెలవు పెట్టింది. షెడ్డు ముందు మెనాషే అనే గడ్డపాయన గోనెసంచుల మూతులు కుడుతున్నాడు. నేల మీద ఎనభై సంచులదాకా ఉన్నాయి.

"ఆడవాళ్లు లోపలికి రాకూడదు."

"సంచుల్లో ఉన్నవి మగ పుస్తకాలా?"

"నవ్వులాటా నీకు? లోపలికొచ్చింది వచ్చినట్టే. చచ్చిపోయినవాళ్లని ఎవరైనా వచ్చి మావాడు పొరపాటున వచ్చాడండీ అని వెనక్కి అడుగుతారా?"

"మావాడు బతికే ఉన్నాడయ్యా. పొరపాటున పాడె ఎక్కించారు."

ఆయన ముఖం చిట్లించాడు గానీ, ఆమె అప్పటికే మొదటి సంచీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "మూడింటికి లారీ వస్తుంది," అన్నాడు. "విప్పిన సంచి విప్పినట్టు నువ్వే కుట్టిపెట్టాలి. నేను కుట్టను." దబ్బనం, పురికొస ఆమె ముందు విసిరేశాడు.

ఆమె విప్పింది, వెతికింది, కుట్టింది. చెమటకి మెత్తబడ్డ ప్రార్థన పుస్తకాలు, గుమ్మాల మీంచి ఊడిపడ్డ, వచనాలు రాసిన తోలు చుట్టలు, పిల్లలు రంగులు వేసిన బడి కాగితాలు, ఎవరిదో పెళ్లినాటి పాటల పుస్తకం, దాని మధ్య ఎండిన ద్రాక్షమరక. బూజు ముక్కుల్లోకి పోయింది. పురికొస వేళ్లని కోసింది. మెనాషే అటూ ఇటూ తిరుగుతూ, "కుట్టు దగ్గరగా వెయ్, ఇదేమన్నా బంగాళాదుంపల సంచా" అని ఒకసారి, "నీ మొగుడికి తెలుసా ఇక్కడున్నావని" అని ఒకసారి అన్నాడు. ముప్ఫై ఒకటో సంచిలో, రెండూ పది నిమిషాలకి, నీలం గుడ్డట్ట చేతికి తగిలింది.

ఆమె దాన్ని గుండెకి అదుముకుని గట్టిగా నవ్వింది. లీఫ్‌మన్ ముఖం కళ్లముందు కనబడింది. అక్కడే, సంచుల మీదే కూర్చుని తేదీ కోసం తెరిచింది. రెండేళ్లలో మొదటిసారి ఆ పుటలు తెరిచింది. పైన తేదీ, కింద అమ్మ పోయిన వారపు రాత, గీతలు దాటి ఒరిగిపోతున్న రాత.

"ఆరో రోజు, బుధవారం. జనం పలచబడ్డారు. సాయంత్రం సాదియా బాబాయ్ వచ్చారు. గోడవారన కూర్చున్నారు. నేను నోరు విప్పేదాకా ఆయన నోరు విప్పలేదు. పరామర్శకొచ్చినవాడు ముందు మాట్లాడకూడదన్న ఆచారం ఇంత గట్టిగా పాటించినవాళ్లు ఈ వారంలో ఇంకెవరూ లేరు. ఒళ్లో యోబు చూసి ఎక్కడిదాకా వచ్చావన్నారు. ఇరవై ఆరు దగ్గర ఆగాను, ఇక్కడ పుటలు తారుమారయ్యాయంటారు అన్నాను. ఆయన అన్నారు: ఏ పుటా తారుమారవలేదమ్మా. మావాడు పోయినప్పుడు మొదటి మూడు రోజులు వచ్చినవాళ్ల మీద కేకలేశాను. ఆరో రోజుకి వాళ్ల దగ్గర మాటలైపోయాయి, నా దగ్గర ఓపికైపోయింది. దేవుడు న్యాయవంతుడు, నాకు తెలుసు, నాకు తెలుసు అని నేనే అన్నాను. కోట్లు తగిలించుకుని పోతారని. పోయారు. యోబు కూడా అంతే. — ఇది రాసుకోవాలి. బాబాయ్ మాట ఇది. మర్చిపోకూడదు."

చివరి మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

పుట తిప్పితే వచనాలు, అధ్యాయాల లెక్క, నాలుగక్షరాల పేరు ఎనిమిది చోట్ల, అంతా స్థిమితంగా, పండిత భాషలో ఉంది. అక్కడ ఏ బాబాయీ లేడు. ఆ పుటే ఆమెకి గుర్తుండిపోయింది. దాని ముందు పుట గుర్తులేదు. నిజంగా గుర్తులేదు. కానీ మనిషి మర్చిపోడు, దాస్తాడు అని పద్నాలుగుమంది ముందు అన్నది ఆమే. ఇప్పుడా మాట ఎవరి మీద ప్రయోగించాలో ఆమెకి తెలిసింది.

"దొరికిందా?" అన్నాడు మెనాషే. ఆమె తలూపింది. "మరి ఏడుపెందుకు?"

తేలు కుట్టిన దొంగలా ఆమె దబ్బనం అందుకుంది. సంచి మూతి దగ్గర దగ్గరగా కుట్టిపెట్టి లేచింది.

బుధవారం పదకొండుకి పావుగంట ముందు, కమిటీ గది బయట వరండాలో లీఫ్‌మన్ ఎదురొచ్చాడు. ఆమె చేతిలో నీలం అట్ట చూడగానే ఆయన నడక తగ్గింది.

"చూడొచ్చా?"

ఆమె వచనాల పుట తెరిచి పట్టుకుంది. ఆయన నిలబడే చదివాడు. చదువుతున్నకొద్దీ భుజాలు కిందికి జారాయి. ఆ క్షణాన ఆయన ముఖంలో నటనేమీ లేదు, అదే ఆమెకి మరీ కష్టంగా తోచింది.

"చెప్పావు," అన్నాడు నెమ్మదిగా. "కిటికీ దగ్గర నిలబడి చెప్పావు. దేవుడి తోడు ఓస్నత్, ఇప్పటిదాకా నాకు గుర్తులేదు. నాదే అనుకున్నాను." తర్వాత గొంతు సవరించుకుని మళ్లీ ప్రొఫెసర్ అయిపోయాడు. "తేదీ ఏది?"

"ముందు పుటలో ఉంది."

ఆయన వెనక్కి తిప్పాడు. చదివాడు. ముందు అర్థంకాలేదు, అర్థమయ్యాక నవ్వాడు. "బైండింగ్ సాదియానా? కింద నేలమాళిగలో సాదియా?"

"అవును."

"చూడు." ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని గోడవైపుకి తీసుకెళ్లాడు. "ప్రూఫులు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. ఫుట్‌నోట్ వేస్తాను, ఇది ఓస్నత్ అబెకసిస్‌తో జరిపిన చర్చలో పుట్టిందని. నీ ప్రతిపాదనకి ఇవాళే సంతకం పెడతాను. లోపల రెండో పుట ఒక్కటే చూపించు. ఈ మొదటి పుట నీ సొంత దుఃఖం, ఎవరికీ అక్కర్లేదు. విద్వత్పత్రికలో జిగురు పూసేవాడికి కృతజ్ఞతలు చెప్తే నన్నూ నిన్నూ కలిపి నవ్వుతారు."

ఆరేళ్లు. రెండు బస్సులు. మాడిన గిన్నెలు. ఒక్క పుట తిప్పకుండా ఉంటే చాలు. నిజం చెప్పాలంటే ఆమెకి ఆ క్షణంలో ఆ బేరం బాగా నచ్చింది. అవునవును, మీరన్నది నిజం, నాకు తెలుసు అనేసి ఆయన్ని సాగనంపితే ఎంత హాయి! నోటిదాకా వచ్చింది కూడా. పురికొస కోసిన వేలు నోట్‌బుక్ అంచుకి తగిలి చురుక్కుమంది.

లోపల ముగ్గురు కూర్చున్నారు. కమిటీ అధ్యక్షురాలు సన్నటి, ఎముకల మనిషి. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని మాట్లాడుతుంది. "గొడవ సర్దుకుందని ఎల్కానా ఇప్పుడే అన్నాడు."

"సర్దుకోలేదు," అంది ఓస్నత్. కూర్చోకుండానే మొదటి పుట తెరిచి, ఆరో రోజు దగ్గర్నుంచి మర్చిపోకూడదు దాకా గట్టిగా చదివింది.

"సోమవారం నేను ఎల్కానాని దొంగ అన్నాను. ఆయన నా దగ్గర తీసుకున్నది నిజం. నేను ఇంకొకళ్ల దగ్గర తీసుకున్నదీ నిజం. ఆదివారం ఎవరూ నేర్పలేదని అందరిముందూ చెప్పాను. నేర్పారు. ఆ మనిషి ఈ భవనంలోనే, మన కాళ్ల కిందే పనిచేస్తున్నారు."

"అంటే నాలుగో అధ్యాయం నీది కాదు," అంది అధ్యక్షురాలు.

"కాదు."

"ఎల్కానాదీ కాదు."

"ఒక ముసలాయన పరామర్శలో అన్నమాట మూలగ్రంథం ఎలా అవుతుంది?" అన్నాడు లీఫ్‌మన్. "పైగా ప్రూఫులు నిన్ననే పంపించేశాను. ఇప్పుడు చేసేదేమీ లేదు."

"పావుగంట క్రితం మీ బల్ల మీద ఉన్నాయన్నారు," అంది ఓస్నత్.

అధ్యక్షురాలు గడియారం తీసి చేతికి పెట్టుకుంది. లీఫ్‌మన్ ప్రూఫులు సాయంత్రంలోగా తన బల్ల మీదికి రావాలంది. ఓస్నత్ ప్రతిపాదన వెనక్కి ఇచ్చేసింది. "కొత్తగా రాసుకురా. ఆరునెలల తర్వాత చూస్తాం. కొత్త మార్గదర్శకుణ్ణి కూడా నువ్వే వెతుక్కోవాలి, నిన్ను తీసుకునేవాళ్లుంటే." ఆ చివరి మాటలో కనికరమేమీ లేదు. బయటికొస్తుంటే లీఫ్‌మన్ ఆమె పక్కనే నడుస్తూ, తలతిప్పకుండా, "నీ నెత్తిన నువ్వే రాయి వేసుకున్నావు," అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఆమె నేలమాళిగకి దిగింది. సాదియా సోమవారం జిగురు పూసిన గ్రంథాన్ని చెక్కల్లోంచి విప్పి, వెన్ను మీద బొటనవేలు పెట్టి నొక్కి చూస్తున్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఆయన పలకరించలేదు.

"బాబాయ్, ఆ మాట మీది. ఆరో రోజు మీరు చెప్పిన మాట. నాది అని రాసుకున్నాను. అందరికీ నాదని చెప్పాను. ఇవాళ కమిటీలో మీదని చెప్పాను. ముందే చెప్పాల్సింది."

ఆయన బొటనవేలు వెన్ను చివరిదాకా జరిగింది. "నీ ప్రతిపాదన నేనే కుట్టాను," అన్నాడు. "ఐదు కాపీలు. నాలుగో అధ్యాయం ఐదుసార్లు చదివాను. ఒకదాంట్లో నా పేరు పొరపాటున వదిలేసి ఉంటావు, ఇంకోదాంట్లో ఉంటుందేమోనని."

ఐదు కాపీలూ ఒకటేనని ఆయనకి తెలీదా? తెలిసే చదివాడు.

"తర్వాత నీ నోట్‌బుక్ నేల మీద దొరికింది. విప్పి చూస్తే దేవుడి పేరుంది. నా పేరూ ఉంది. అంటే నీకు తెలుసన్నమాట. రెండు పేర్లూ బూట్ల మధ్య పడున్నాయి. పూడ్చేద్దామనిపించింది. దేవుడి పేరుకి పూడ్చడం మర్యాద. నా పేరుకి కోపం. ఆ రోజు రెండూ కలిశాయి, విడదీసి చెప్పలేను."

"అప్పుడే పైకొచ్చి నన్ను నాలుగు తిట్టొచ్చు కదా! నెలరోజులు ఎలా ఊరుకున్నారు?"

"పరామర్శకి వచ్చినవాడు ముందు నోరు విప్పకూడదు," అన్నాడు సాదియా. "అవతలివాళ్లు విప్పేదాకా కూర్చోవాలి."

ఆమె ఏడవడం చూడనట్టు ఆయన అరలోంచి నీలం గుడ్డ చుట్ట తీశాడు. చెయ్యి చాపి నోట్‌బుక్ అందుకున్నాడు. ఊడిన వెన్ను పీకేసి, పాత దారాలు కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరించి, స్కేలు పెట్టి కొలిచాడు. కోపం ఇంకా పూర్తిగా పోలేదని కత్తెర చప్పుడులో తెలుస్తూనే ఉంది. మూలనున్న పీటని కాలితో ఆమె వైపుకి తోశాడు.

"కూర్చో. జిగురు ఆరడానికి టైమ్ పడుతుంది. కాఫీ నువ్వే పెట్టు, అల్లం ఎక్కడుంటుందో మర్చిపోయావేమో చూద్దాం."

అల్లం ఎప్పుడూ ఉండే డబ్బాలోనే, దారపు ఉండల వెనకే ఉంది.